కిష్టవ్వ పేరు మొదట ఎవరన్నారు

కరీంనగర్,
20 ఆగస్టు 2023, ఆదివారం.

బాపూ,

దండాలు. అవ్వకు కూడా చెప్పు. నేను ఉత్తరం రాయడమేమిటని నువ్వు పోస్టుమాన్ ముందే నవ్వుతావని తెలుసు. హాస్టల్లో ఫోన్ ఆదివారం ఒక్క పూటే ఇస్తారు. నా వెనక ఇరవై మంది నిలబడి "జల్ది కానియ్యి" అంటుంటే తిన్నావా, పడుకున్నావా అనడానికే సరిపోతుంది. ఇప్పుడు అడగబోయేది అట్లాంటి మాట కాదు. పైగా మా మేడమ్ జవాబు కాగితం మీదే కావాలన్నారు.

మమతారాణి మేడమ్ అని ఈ సంవత్సరమే మా కాలేజీకి వచ్చారు. బి.ఏ. రెండో సంవత్సరం వాళ్ళకు తెలుగు చెబుతారు. మా అందరి చేత ఒక్కో నోటుబుక్కు కొనిపించారు. రెండు వారాలకొక వ్యాసం రాయాలి. రాసినదాని మీద మళ్ళీ మనమే ఇంకో పేజీ రాయాలి: నేను ఎందుకట్లా అనుకున్నాను, నాకెట్లా తెలుసు అని. మొదటిసారి నేను చెట్ల పెంపకం మీద రాశాను. పదో తరగతిలో బట్టీ పట్టినదే. మేడమ్ ఎర్రసిరాతో ఒకే మాట రాసి ఇచ్చారు: "ఇందులో నువ్వెక్కడ ఉన్నావు?" ఏడుపొచ్చింది. మా రూములో ఉండే ప్రవళిక ఇంటికి పోయినప్పుడు ఫోన్‌లో చూసి ఎక్కించుకొచ్చింది. దానికైతే "ఇది నీ ఫోన్ రాసింది, మార్కులు దానికే వేస్తాను" అని రాశారు.

ఈసారి విషయం ఇది. మీ ఇంట్లో చిన్నప్పటి నుంచి నిజమని నమ్ముతున్న మాట ఒకటి తీసుకోండి. దాన్ని మొదట ఎవరన్నారు? వాళ్ళకెట్లా తెలుసు? ఇంకో కారణం ఉండవచ్చా? అది నిజం కాకపోతే ఎవరికి నష్టం జరిగింది? ఈ నాలుగు ప్రశ్నలకూ తెలిసినవాళ్ళను అడిగి జవాబు రాయాలి.

అందరూ పిల్లి ఎదురు రావడం, తుమ్ము, గ్రహణం అని రాసుకుంటున్నారు. నాకు మాత్రం కిష్టవ్వ అత్త గుర్తుకొచ్చింది.

కోపం చేయకు. అత్త గురించి నాకు తెలిసింది ఇంతే. నీకు సొంత అక్క. మామ మస్కట్‌లో చనిపోయాక పిల్లలు కూడా లేక మన ఇంటికే వచ్చింది. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు నా మీద మంత్రాలు చేసింది. నాకు ఫిట్స్ వచ్చాయి. ఊరివాళ్ళు ఆమెను తరిమేశారు. ఆమె పేరెత్తితే సొంత మరదలై ఉండి కూడా అవ్వ చెవులు మూసుకుంటుంది. ఇదంతా నేను నమ్మాను. చెన్నూరు బడిలో దోస్తులకు దయ్యాల కథలాగా చెప్పేదాన్ని కూడా. మొన్న కాగితం ముందు పెట్టుకుంటే మొదటి ప్రశ్న దగ్గరే కలం ఆగిపోయింది.

అత్త మంత్రాలు చేసిందని మొదట అన్నది ఎవరు బాపూ?

నాకు రాసి పంపు. అవ్వకు చెప్పకు.

నీ బిడ్డ,
హర్షిణి

ఇంటి నుంచి,
3 సెప్టెంబరు 2023.

చిరంజీవి హర్షిణికి బాపు ఆశీర్వాదాలు.

నీ ఉత్తరం చేరింది. ఉత్తరమంటే పుస్తకంలో ఉన్నట్టు రాయాలని మా తెలుగు సారు చెప్పేవాడు. పదో తరగతి అయిపోయిన ఇరవై ఏడేండ్లకు మళ్ళీ కలం పట్టుకున్నాను. తప్పులుంటే నీలోనే ఉంచుకో, మీ మేడమ్‌కు చూపించకు.

ఇక్కడ అందరం క్షేమం. వానకాలంలో గోదావరి నీళ్ళు వాగు వెంబడి ఎదురెక్కి పత్తి చేను మూడు రోజులు మునిగిందని చెప్పాను కదా. బతికిన మొక్కలు ఇప్పుడిప్పుడే తల ఎత్తుతున్నాయి. మక్క చేనుకు కోతులు పడ్డాయి. అవ్వ పొద్దంతా గట్టు మీద కూర్చుని డబ్బా కొడుతుంది. కోతులు ఆ చప్పుడుకు అలవాటు పడ్డాయి. ఇప్పుడు డబ్బా ఆగితేనే ఏమైందని తలెత్తి చూస్తున్నాయి.

నువ్వడిగిన సంగతి. బిడ్డా, అది ఎప్పుడో అయిపోయిన ముచ్చట. అందరూ అన్నారు. అందులో ఒక్కరి పేరు ఏమని చెప్పను? ఆ సంవత్సరం ఊరికే కాలం బాగాలేదు. మన పక్కింటి వెంకటి ఎడ్లు రెండూ ఒకే వారంలో చచ్చాయి. ఊరిలో ఇద్దరు కోడండ్లకు కడుపులు పోయాయి. అప్పుడే నీకూ జబ్బు చేసింది. జనం అనుకున్నారు. ఒకరి మొఖం ఒకరు చూసి అనుకున్నారు.

చదువుకోను పోయినదానివి, చదువుకో. రాయడానికి విషయమే కావాలంటే కోతుల మీద రాయి, పత్తి మీద రాయి. ఎంతైనా చెబుతాను. పిల్లల ఇండ్ల సంగతులు మీ మేడమ్‌కు ఎందుకో నాకు తెలియడం లేదు. ఆమెది ఏ ఊరు?

అవ్వకు చెప్పలేదు. కాలేజీ నుంచి ఏదో కాగితం వచ్చిందన్నాను.

చల్లనీళ్ళతో తలస్నానం చేయకు. నీకు పడదు.

బాపు,
కొండల్

కరీంనగర్,
17 సెప్టెంబరు 2023.

బాపూ,

నీ ఉత్తరంలో తప్పులేమీ లేవు. మా క్లాసులో సగం మంది కంటే బాగా రాశావు. మేడమ్‌కు చూపించాను, ఏమనుకోకు. కోతుల సంగతి చదివి గట్టిగా నవ్వారు. తరువాత "అందరూ అన్నారు" అన్న చోట గీత గీసి, పక్కన ఇట్లా రాశారు: "అందరూ ఒకేసారి నోరు తెరవరు. మొదటి నోరు ఎవరిది?"

నాకు గుర్తున్నవన్నీ ఒక పేజీలో రాసుకున్నాను. వాకిట్లో నవారు మంచం. వేపమండలు. ఊదు పొగ. చెవి దగ్గర ఎవరిదో ముసలి గొంతు. అత్త ముఖం ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. జామపండు వాసన మాత్రం ఎందుకో గుర్తుంది. ఇవి పెట్టుకుని నేనేమీ తేల్చలేను.

మేడమ్ ఇంకో ప్రశ్న కూడా నేర్పించారు. ఒక మాట నలుగురిలో నిలబడిపోయిందంటే, అది నిలబడడం వల్ల ఎవరికి మేలు జరిగిందో చూడమన్నారు. చూశాను. వాగు ఒడ్డు చేను తాత అత్తకు పసుపుకుంకుమ కింద ఇచ్చాడని అవ్వ ఒకసారి నోరుజారి అన్నది. ఇప్పుడు దాన్ని మనమే దున్నుకుంటున్నాం. అత్త ఉన్న గదిలో ఇప్పుడు పత్తి పోస్తున్నాం. అత్త పోవడం వల్ల ఊరిలో ఇంకెవరికీ ఏమీ రాలేదు.

మేడమ్‌ది ఏ ఊరని అడిగావు. నేనడిగినదానికి జవాబు చెప్పకుండా ఆమె ఊరు ఎందుకడిగావో కూడా ఆలోచించాను.

ఇది రాసి మూడుసార్లు కొట్టేశాను. అయినా అడగాలి. మొదట అన్నది నువ్వేనా బాపూ?

హర్షిణి

ఇంటి నుంచి,
10 అక్టోబరు 2023.

హర్షిణీ,

క్షేమ సమాచారాలు రాయబుద్ధి కావడం లేదు.

నీ ఉత్తరం చేను గట్టు మీద చదివిన. చదివి అక్కడనే కూసున్న. పత్తి ఏరేటోళ్ళు వచ్చి "ఏమైందే కొండలన్నా" అంటే ఏం లేదన్న. చేను కోసం సొంత అక్కను ఎల్లగొట్టిండని నా బిడ్డ నాకు రాసింది. పుస్తకం భాష ఇగ నాతోని కాదు. వచ్చినట్టు రాస్తున్న.

ఆ చేను ఇయ్యాల్టికి గూడ మా అక్క పేరు మీదనే ఉన్నది. పాసుబుక్కు బీరువాల ఉన్నది. వచ్చినప్పుడు నీ చేతులతోని తీసి చూసుకో.

నువ్వు తెలుసుకునేదాక విడిచిపెట్టేటట్టు లేవు. విను.

నీకు జ్వరం పట్టి నాలుగో దినం. తెల్లారంగనే ఫిట్స్ వచ్చినయి. దవాఖానకు పోదామంటె మీ అవ్వ నా కాళ్ళు పట్టుకున్నది, ముందు మల్లన్నను పిలువుమన్నది. మల్లన్న అంటె ఊరి బయట పూజలు చేస్తడు, నువ్వు ఎరుగుదువు. వాకిట్ల మంచం మీద నిన్ను పండవెట్టిండ్రు. వెంకటి ఎడ్లు చచ్చిన వారమే అది. ఊరు ఊరంత మన వాకిట్లనే ఉన్నది. మల్లన్న నీ చెవుల నోరు పెట్టి "ఎవరు బిడ్డా? చెప్పు, ఎవరు?" అని అడిగిండు. నువ్వు కండ్లు తెరవకుండనే "అత్త" అన్నవు. మళ్ళ అడిగిండు. "అత్త" అన్నవు. మూడోసారి అడుగకముందే "అత్త, అత్త" అనుకుంట ఏడ్చినవు.

అంతే. ఇంకెవ్వరు ఏమనలే. అనాల్సిన అవసరం పడలే.

అక్క అప్పుడు చేన్ల కలుపు తీస్తున్నది. వాకిట్ల మొగోళ్ళు కట్టెలు ఎతుక్కుంటుంటే నేను ఎనుక దిక్కు నుంచి సైకిల్ తీసిన. అడ్డదారిల చెన్నూరు బస్టాండుకు తీసుకపోయిన. మట్టి చేతులతోనే బస్సెక్కింది. "ఏమైందిరా, ఏమైంది?" అన్నది. "పది దినాలు వేములవాడల రాజన్న గుడి దగ్గర ఉండు అక్కా, నేనే వచ్చి తోలుకపోత" అన్న.

పోలే. పన్నెండేండ్లాయె. గుడి దగ్గర కోడెలకు గడ్డి అమ్ముకుంట బతుకుతున్నదని పోయొచ్చినోళ్ళు చెప్తరు. ఒక్కసారి దూరం నుంచి చూసిన. దగ్గరికి పోయే మొఖం లేక మళ్ళ బస్సెక్కిన.

ఆమెను పంపిచ్చి వచ్చినంక నిన్ను చెన్నూరు సర్కారు దవాఖానకు ఎత్తుకపోయిన. సూదులు ఇచ్చిండ్రు. మెదడుకు జ్వరమెక్కిందన్నడు డాక్టరు. పొద్దుమీకేసరికి కండ్లు తెరిచినవు. అది పోయింది, పిల్ల లేచింది అన్నది ఊరు.

మొదటి నోరు ఎవరిదని మీ మేడమ్ అడిగింది గదా. ఇగ చెప్పు పో. నీకు తెల్వద్దనే ఇన్నేండ్లు దాచిన. ఎవలు అడిగినా "అందరు అన్నరు" అన్న.

దసరాకు వస్తె రా.

బాపు

కరీంనగర్,
21 నవంబరు 2023.

బాపూ,

దసరాకు పరీక్షలున్నాయని చెప్పింది అబద్ధం. నీ ముఖం చూడలేక రాలేదు. బతుకమ్మ ఆడే తొమ్మిది రోజులూ హాస్టల్లో నేనూ, వంటామె మాత్రమే ఉన్నాం.

చేను గురించి రాసినదానికి క్షమించమని అడగడం కూడా చిన్నదిగా కనిపిస్తోంది. ఆలోచించడం నేర్చుకుంటున్నానని సంబరపడి, మొట్టమొదట నిన్నే దొంగను చేశాను.

చాలా రోజులు నోటుబుక్కు తెరవలేదు. తెరిచాక నీ ఉత్తరాన్నే పదిసార్లు చదివాను. రెండు విషయాలు కనిపించాయి. మల్లన్న అడిగింది "ఎవరు" అని. ఎవరు చేశారని అడగలేదు, ఎవరు కావాలనీ అడగలేదు. ఒళ్ళు కాలుతున్న ఆరేండ్ల పిల్ల ఆ ప్రశ్నకు ఏమని అర్థం చేసుకుంటుంది? తనకు ఎవరు కావాలో వాళ్ళ పేరు చెబుతుంది. ఇక రెండోది. ఆ రోజు అత్త ఊరు దాటింది, అదే రోజు నాకు సూదులు వేశారు. ఊరు మొదటిది చూసింది, రెండోది చూడలేదు.

కానీ ఇదంతా నా ఊహే. నిన్ను అనుమానించినప్పుడు కూడా ఇంతే నమ్మకంగా ఉన్నాను. అందుకే మొన్న ఆదివారం ప్రవళికను తోడు తీసుకుని వేములవాడ పోయాను.

కార్తీకమాసం కదా, గుడి ముందు అడుగు తీసి అడుగు వేసే సందు లేదు. కోడెను గుడి చుట్టూ తిప్పి మొక్కు చెల్లించేవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. గోడ పక్కన పది మంది ఆడవాళ్ళు గడ్డి కట్టలు పెట్టుకుని కూర్చున్నారు. గుర్తుపట్టలేనేమో అనుకున్నాను. అచ్చం నీ ముక్కే బాపూ.

"గడ్డి కావాల్నా బిడ్డా?" అన్నది.

"నేను కొండల్ బిడ్డను" అన్నాను.

లేచి నిలబడింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. దగ్గరికి తీసుకుంటుందనుకుంటే రెండడుగులు వెనక్కి జరిగింది.

"మళ్ళ ఫిట్స్ వచ్చినయా?"

"రాలే అత్తా."

"ఒక్కసారి గూడ?"

"ఒక్కసారి గూడ రాలే."

అప్పుడు కూర్చుంది. నీ మోకాలు నొప్పి తగ్గిందా అని అడిగింది. అవ్వ ఎట్లా ఉందని అడిగింది. బస్సెక్కించిన నెల రోజులకు ఎవరో మొక్కుకు వచ్చినవాళ్ళు చెబితేగానీ తన మీద పడ్డ మాట ఏమిటో ఆమెకు తెలియలేదట. నువ్వే ఆమె పేరు చెప్పి ఉంటావని ఇన్నేండ్లూ అనుకుందట. "వాని బిడ్డ పానం మీదికొచ్చె. వాని తప్పు గూడ లేదు" అన్నది.

అది విన్నాక చెప్పకుండా ఉండలేకపోయాను.

"బాపు చెప్పలే అత్తా. నేను చెప్పిన. జ్వరంల అత్త, అత్త అని ఏడ్చిననట."

చేతిలోని గడ్డి కట్ట కింద పెట్టి నా వైపు చూసింది. కొట్టినా బాగుండుననిపించింది.

"నన్ను పిలిచినవా?" అన్నది. "నాలుగు దినాలు మీ అవ్వ నన్ను నీ దగ్గరికి రానియ్యలే. ముండరాలు మంచం దగ్గరికి రావద్దన్నది. రోజు నీకు తెచ్చిచ్చే జామపండ్లు కొంగుల కట్టుకొని వాకిట్ల తిరిగిన. నువ్వు నన్నే పిలిచినవా బిడ్డా!"

నవ్వింది బాపూ. కండ్ల నీళ్ళు కారుతుంటే నవ్వింది. పక్కన గడ్డి అమ్మే ఆమెను చేయి పట్టి గుంజి, "మా తమ్ముని బిడ్డ. జ్వరమొస్తె నా పేరే పిలిచిందట" అని చెప్పింది.

మేము వచ్చేటప్పుడు మెల్లగా అడిగింది. "ఒక్కసారి వచ్చి పోవచ్చునా? ఉండ. వాగు ఒడ్డు చేను చూసుకొని, తమ్ముని ఇంట్ల ఒక్క పూట తిని మళ్ళ బస్సెక్కుత."

వచ్చు అన్నాను. నేనే తీసుకుపోతానని మాట ఇచ్చాను.

దీనితో పాటు ఇంకో కాగితం పెట్టాను. నేను అత్తను ఎందుకు పిలిచానో, నా జబ్బు ఎట్లా తగ్గిందో అందులో రాశాను. కింద సంతకం కూడా చేశాను. దాన్ని ఊరిలో అందరి ముందు చదువు బాపూ. దవాఖాన చిట్టీ దొరికితే అదీ చూపించు. అన్న నోరే కాదంటే ఇక ఎవరు మాత్రం ఏమంటారు?

నీ బిడ్డ,
హర్షిణి

ఇంటి నుంచి,
17 డిసెంబరు 2023.

చిరంజీవి హర్షిణికి,

నీ కాగితం చదవడానికి ఎలక్షన్లు అయిపోయేదాకా ఆగాను. ఊరంతా రెండు పార్టీలుగా చీలి ఉన్నప్పుడు చదివితే అది ఇంకో గొడవ అవుతుందనుకున్నాను. పింఛన్లు పంచే రోజు పంచాయతీ ఆఫీసు ముందు అందరూ ఉంటారని ఆ రోజు పోయాను. దవాఖాన చిట్టీ కూడా దొరికింది. సగం చెదలు తిన్నది, మందుల పేర్లు, తారీఖు మిగిలాయి.

నిలబడి చదివాను. జామపండ్ల సంగతి వచ్చినప్పుడు ఎవరూ కదలలేదు. చదవడం అయ్యాక వరుసలో ఉన్న ఒక ముసలామె "పాపం కిష్టవ్వ" అన్నది. ఆ మాటకు నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంకో ఇద్దరు తల ఊపారు. అక్క వస్తే ఏ గది ఖాళీ చేయాలా అని కూడా నిలబడ్డచోటే ఆలోచించాను.

అప్పుడు వెంకటి అడిగాడు. "కొండల్, పిల్లకు గీ మాటలన్ని ఎట్ల తెలిసినయి? వేములవాడ పోయిందా ఏంది?"

పోయింది, మా అక్కను కలిసింది అన్నాను. దాచడానికి ఏముందనుకున్నాను. అక్కడే చెడింది.

మల్లన్న ముసలివాడయ్యాడు, కట్టె మీద వంగి నడుస్తున్నాడు. ఆ కట్టె మీదనే లేచాడు. "పోయి కలిసింది. కలిసినంకనే గీ కాగితం రాసింది. రాసిన చెయ్యి పిల్లది. రాయించింది ఎవరో నేను చెప్పాల్నా?" అన్నాడు.

"అది కాదు మల్లన్నా, జ్వరంల పిల్ల అత్త కావాల్నని..."

"జ్వరంల ఉన్న పిల్లకు అబద్ధం రాదు కొండల్. గప్పుడు చెప్పిందే నిజం. గిప్పుడు చెప్తున్నది దాని నోటితోని ఇంకొకరు చెప్తున్నరు. ఇంకా పిల్లను విడువలేదు. ఇంత చదివిచ్చినా విడువలేదు."

పాపం అన్న ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిట్టీ చూడమని వెంకటికి ఇవ్వబోతే ముట్టుకోలేదు. నీ కాగితాన్ని అక్కడే కాలబెట్టమన్నారు. నేను మడిచి జేబులో పెట్టుకుని వచ్చాను.

అంతటితో పోయినా బాగుండేది. నాలుగో రోజు వెంకటి దూడ చచ్చింది. పొద్దున పాలు తాగింది, పొద్దు ఎక్కేసరికి కాళ్ళు చాపింది. పచ్చి జొన్న చొప్ప మేసింది, నేను నా కండ్లతో చూశాను; లేత చొప్ప పశువుకు విషం. చెప్పాను. ఎవరూ వినలేదు. నల్లా దగ్గర అవ్వ బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు పక్కకు జరుపుకుంటున్నారు. అవ్వ నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. నిన్ను చదువు మాన్పించి తీసుకురమ్మని పట్టు పట్టింది. అది మాత్రం నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోను. కానీ సెలవులకు ఇంటికి రాకు. నిన్ను చూసి ఎవరు ఏమంటారో, ఏం చేస్తారో నాకు తెలియదు.

అక్కను తీసుకురాకు. ఆమెకు ఏం చెబుతావో చెప్పు. నేను చెప్పలేను. ఒకసారి పది దినాలని చెప్పినవాణ్ణి.

బాపు

కరీంనగర్,
28 జనవరి 2024.

బాపూ,

నెల రోజులు వేములవాడ పోలేదు. పోకుండా ఉంటే చెప్పాల్సిన పని ఉండదని దాక్కున్నాను. పోయిన వారం పోయాను.

అత్త నన్ను చూడగానే గడ్డి పక్కామెకు అప్పగించి లేచింది. సంచి సర్ది పెట్టుకున్నదట. ఒక కొత్త చీర, అవ్వకు కుంకుమ డబ్బా, నీకు రాజన్న ప్రసాదం. ప్రతి ఆదివారం ఆ సంచి పక్కన పెట్టుకునే కూర్చుంటున్నదట.

నువ్వు రాసింది రాసినట్టే చెప్పాను. ఏమీ దాచలేదు. దాచకపోవడమే మంచిదని నాకెవరు చెప్పారో తెలియదు. మల్లన్న మాటల దాకా ఊరికే విన్నది. దూడ సంగతి వచ్చేసరికి నన్ను ఆపింది.

"ఏ దినం చచ్చింది?"

"కాగితం చదివిన నాలుగో దినం."

వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. "ఆ పొద్దు నాకు గిరాకి లేకుండె. ఇంటి దిక్కు మనసు పెట్టుకొని కూసున్న. వాగు, చేను, వెంకటోళ్ళ కొట్టం... అన్ని కండ్లల్ల తిరిగినయి."

"దానికి, దూడకు ఏం సంబంధం అత్తా? పచ్చి చొప్ప మేసింది."

"నీకెట్ల తెలుసు?"

నేను నేర్చుకున్నదంతా ఆమెకు చెప్పాను. నాలుగు ప్రశ్నలూ ఒక్కొక్కటిగా చెప్పాను. ఒకే రోజు జరిగిన రెండు పనుల్లో ఒకటి ఇంకోదానికి కారణం కానక్కరలేదని చెప్పాను. చిన్నపిల్ల పాఠం విన్నట్టు విన్నది. తరువాత నేల చూస్తూ అన్నది:

"అంత మంది ఉత్తగనే అంటరా బిడ్డా? లగ్గమైన మూడేండ్లకు మొగడు పాయె. నేనొచ్చినంక వెంకటి ఎడ్లు పాయె. ఇప్పుడు యాది చేసుకున్న పాపానికి దూడ పాయె. నేనేం మంత్రాలు నేర్వలే, రాజన్న సాక్షి. కాని నాకు తెల్వకుండ నాలో ఏమన్న ఉన్నదేమో. నా కన్ను నాకు చెప్పకుండనే పోతదేమో."

"లేదత్తా."

"పన్నెండేండ్ల సంది నేను గూడ లేదనే అనుకున్న."

నా ముఖం వైపు చూడడం మానేసింది. నేను ఎటు జరిగితే అటు తల తిప్పుకుంది. "ఇగ రాకు. నీకు మళ్ళ ఫిట్స్ వస్తె నేను బతుక. మీ బాపును మంచిగ చూసుకో" అని సంచిలోని సామాను నా చేతికివ్వబోయి, మళ్ళీ ఏమనుకుందో వెనక్కి తీసుకుంది. తన చేతిది మన ఇంటికి పోవద్దనుకుంది బాపూ.

ఈ రోజు మళ్ళీ పోయాను. నన్ను దూరం నుంచే చూసి, కొంగు ముఖం మీదికి లాక్కుని జనంలోకి నడిచిపోయింది. ఎంత పిలిచినా వెనక్కి తిరగలేదు.

నా వ్యాసానికి కాలేజీలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. మేడమ్ గడువు పెంచితే డిసెంబరులో ఇచ్చినదానికి. కింద మేడమ్ రాశారు: "ఆలోచన చాలా బాగుంది. ముగింపు రాయలేదు. నువ్వు తెలుసుకున్న నిజం వల్ల ఏం మారిందో రాయి." నేను నోటుబుక్కు తీసుకుని స్టాఫ్‌రూముకు పోయి, ఏం మారిందో నోటితోనే చెప్పాను. ఆమె కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నారు. "ప్రశ్నలు అడగమన్నాను గానీ, అడిగిన తరువాత ఇట్లా అయితే ఏం చేయాలో నాకూ తెలియదు హర్షిణీ" అన్నారు. ఆమె మీద నాకు కోపం లేదు. కొత్త సెమిస్టర్ నుంచి విషయాలు పుస్తకంలోవే ఇస్తున్నారు.

ముందు ఆమెను ఊరు ఒక్కటే నమ్మలేదు. ఇప్పుడు ఆమె కూడా తనను నమ్మడం లేదు. నేను అడగకపోతే ఆమెకు అది ఒక్కటైనా మిగిలేది.

నీ ఉత్తరం కోసం చూస్తుంటాను.

హర్షిణి

ఇంటి నుంచి,
25 ఫిబ్రవరి 2024.

బిడ్డా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రాయాలని కూర్చుంటాను, లేస్తాను. పత్తి ఏరడం అయిపోయింది. మోకాలు నొప్పి అట్లాగే ఉంది.

నీకు ఒక మాట చెప్పకుండా ఉండలేను. దూడ చచ్చిన పొద్దు, అది పచ్చి చొప్ప మేసిందని నేను ఊరందరికీ చెబుతూనే ఉన్నాను. చెబుతూ చెబుతూ నాకే ఒక్క గడియ అనుమానం వచ్చింది. సొంత అక్క మీద. పదో తరగతి చదివి, చిట్టీ జేబులో పెట్టుకుని. ఆమె తన గురించి అనుకున్నదాంట్లో తప్పేముంది?

ఊరిలో ఒక తీర్మానం అయింది. నువ్వు ఇంటికి రావాలంటే మల్లన్న చేతి దారం కట్టుకుని రావాలట. లేకపోతే మన ఇంటికి నిప్పు, నీళ్ళు ఉండవన్నారు. అవ్వ పోయి పూజ చేయించింది. పూజ దగ్గర ఆమె ఏడ్చిన ఏడుపు చూసి నేను అడ్డం చెప్పలేదు. దారం ఈ ఉత్తరంలో పెట్టాను. నల్లది, ఏడు ముడులున్నాయి.

నమ్మి కట్టుకొమ్మని నేను అనడం లేదు. కట్టుకో. వేసవి సెలవులకైనా నిన్ను చూడాలని ఉంది.

అక్క గుడి దగ్గరే ఉన్నదా, ఇంకెటైనా పోయిందా? తెలిస్తే ఒక్క మాట రాయి.

బాపు

కరీంనగర్,
10 మార్చి 2024.

బాపూ,

దారం అందింది. అత్త కూర్చునే చోట ఇప్పుడు వేరే ఆమె కూర్చుంటోంది. ఎటు పోయిందో పక్కవాళ్ళకు కూడా తెలియదట. శివరాత్రి జనంలో వెతికాను, దొరకలేదు.

పరీక్షలు మే నెలలో అయిపోతాయి. అయిపోగానే వస్తాను. అవ్వకు చెప్పు, అన్నం తినమను.

దారం ఏ చేతికి కట్టుకోవాలో నువ్వు రాయలేదు. ఎడమ చేతికి కట్టుకున్నాను. తప్పయితే మల్లన్నను అడిగి రాయి, మార్చుకుంటాను.

నీ బిడ్డ,
హర్షిణి